చెమట ఆరని బస్తా

మా సీనియర్ గారు పోయారన్న కబురు నాకు కోర్టు వరండాలో తెలిసింది. చెప్పినాయన ఏళ్ల తరబడి ఆవిడకి ఎదురుపక్షంలో నిలబడి వాదించిన ప్లీడరు గారు. వాయిదా కోసం ఆడుతున్న నాటకమనుకుని ఆయన మీద గట్టిగా అరిచాను. ఆయన తిరిగి అరవలేదు. చేతిలోని నల్లగౌను బల్ల మీద పెట్టి, "కాఫీ తాగుతూ అలాగే ఒరిగిపోయిందంటమ్మా. గుండె. నేనూ నమ్మలేదు, మళ్లీ ఫోన్ చేసి కనుక్కున్నా" అన్నారు. అప్పుడు నమ్మాను. ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇనపరాడ్లతో వచ్చినవాళ్లకి చావని మనిషి కాఫీ గ్లాసు పట్టుకుని చావడమేమిటి?

వినుకొండలో ఆవిడని అందరూ లాయరమ్మ అనేవాళ్లు. నాకు సీనియర్. న్యాయశాస్త్రం చదివి సర్టిఫికెట్ పట్టుకుని మొదటిసారి ఆవిడ ఆఫీసు గడప తొక్కిన రోజున లోపల్నుంచి ఒక ఫైలు ఎగిరి వచ్చి నా భుజానికి తగిలింది. అది నా కోసం విసిరింది కాదు, భార్యని కొట్టి రాజీకి వచ్చిన ఒక క్లయింటు కోసం. అతను తప్పుకున్నాడు, నేను తప్పుకోలేదు. "తగిలిందా? కూర్చో" అన్నారు. అదే నా ఇంటర్వ్యూ.

ఆవిడకి మెత్తగా మాట్లాడటం రాదు. ప్రింటర్ ఆగిపోతే అరచేత్తో రెండు వాయించేవారు. పెరుగన్నంలోకి పచ్చిమిరపకాయ కొరుకుతూ కేసు డైరీ చదివేవారు, కళ్లలో నీళ్లు కారుతున్నా తుడుచుకునేవారు కాదు. పుట్టింటివాళ్లు మిర్చి రైతులు. ఆ ఘాటు పుట్టుకతో వచ్చిందని గుమాస్తాలు చాటుగా నవ్వుకునేవాళ్లు. బార్ అసోసియేషన్ గదిలో ఒక పెద్దమనిషి ఆడవాళ్లకి క్రిమినల్ కేసులెందుకన్నందుకు, ఆయన తాగుతున్న టీ కప్పు తీసుకెళ్లి కిటికీలోంచి పారబోసి, ఖాళీ కప్పు తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఆవిడ మీద నాకు భయం ఉండేది. ఆ భయం లేకపోతే నేను ఈ వృత్తిలో నిలబడేదాన్ని కాను.

ఆవిడ గురించి చెప్పాలంటే కోటేశ్వరమ్మ కేసు చెప్పాలి. కోటేశ్వరమ్మది కొండకి అవతల ఊరు. భర్త ఏడుకొండలు మిర్చి వేశాడు. పొలం గట్టు విషయంలో అతనికీ, పెదనాన్న కొడుక్కీ పడేది కాదు. కాయలు కల్లంలో ఆరబోసిన రోజుల్లో, పట్టపగలు, ఆ పెదనాన్న కొడుకు మనుషులతో వచ్చి ఏడుకొండల్ని కాయల మీదే పడేసి గొడ్డళ్లతో నరికాడు. కోటేశ్వరమ్మ బస్తాల వెనక నక్కి అదంతా ఫోన్‌లో తీసింది. ఆసుపత్రికి తీసుకెళుతుంటే దారిలోనే అతని ప్రాణం పోయింది. ఊళ్లో చూసినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, పోలీసులు వచ్చేసరికి ఎవరూ ఏమీ చూడలేదు.

ఆమె ఆ ఫోన్ పట్టుకుని నేరుగా మా ఆఫీసుకి వచ్చింది. సీనియర్ గారు వీడియోని ఒక డిస్కులోకి ఎక్కించి ఫోన్ తిరిగి ఇచ్చేశారు. ఊరికి వెళ్లే దారిలో ఆ పెదనాన్న కొడుకు మనుషులు ఆమె ఆటో ఆపి, ఆ ఫోన్ లాక్కుని రాయితో కొట్టి నుజ్జు చేశారు. తర్వాత అదే రాయితో ఆమె దవడ విరగ్గొట్టారు. అక్కణ్నుంచి ఆ వీడియో ఉన్నది లోకంలో ఒక్క చోటే, మా డిస్కులో.

ఇంకో కాపీ ఎందుకు తీయలేదని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. అంతకుముందు ఒక కేసులో మా ఆఫీసు గుమాస్తా ఒకడు సాక్షి వాంగ్మూలాన్ని ఫోన్‌లో ఫొటో తీసి అవతలివాళ్లకి పంపాడు. ఆ సాక్షి గడ్డివాము తగలబెట్టి, మనిషిని విద్యుత్ స్తంభానికి కట్టి కొట్టారు. ఆ తర్వాత సీనియర్ గారు ఎవర్నీ నమ్మలేదు. సాక్ష్యాలన్నీ ఒకే డిస్కులో, దానికి పాస్‌వర్డ్ లేకుండా లోపల ఏముందో కూడా కనపడనీయని తాళం సాఫ్ట్‌వేర్. ఆ పాస్‌వర్డ్ ఆవిడ ఒక్కరికే తెలుసు. అది టైపు కొట్టేటప్పుడు నన్ను కూడా అటు తిరగమనేవారు. నాకు మండుకొచ్చేది.

కేసు నడుస్తున్న పేటలోని కోర్టు వీడియోని హాజరుపరచమని ఆఖరి వాయిదా ఇచ్చింది. ఆ రోజు దాటితే ఇక తీసుకోనని జడ్జిగారు చెప్పేశారు. ముద్దాయిలు బెయిల్ మీద బయటే తిరుగుతున్నారు. వీడియో లేకపోతే కేసు లేదు. కేసు లేకపోతే కోటేశ్వరమ్మ ఆ ఊళ్లో ఎన్నాళ్లు బతుకుతుందో అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే ఆఫీసు కంప్యూటర్ పేచీ మొదలుపెట్టింది. కొత్త సిస్టమ్ వచ్చింది, ఎక్కించుకుంటారా అని కొన్ని నెలలుగా తెర మీద ఒక పెట్టె వచ్చి కూర్చునేది. ఆవిడ ప్రతిసారీ ఒక తిట్టు తిట్టి 'తర్వాత' నొక్కేవారు. వాయిదాకి కొద్ది రోజుల ముందు, ఆవిడ పిటిషన్ టైపు చేస్తుంటే అది మళ్లీ అడ్డొచ్చింది. "ఎక్కించుకుని చావు" అని పిడికిలితో కీబోర్డు మీద ఒక్కటిచ్చారు. అది నిజంగానే ఎక్కించుకుంది.

వాయిదాకి ముందు రోజు పొద్దున డిస్కు తగిలించి, ఆవిడ పాస్‌వర్డ్ కొట్టి, ఎంటర్ నొక్కారు. తెర నీలంగా అయిపోయింది. కంప్యూటర్ ఆగి, మళ్లీ దానంతటదే మొదలైంది. మళ్లీ కొట్టారు, మళ్లీ నీలం. వైరు మార్చాను, డిస్కుని వేరే రంధ్రంలో పెట్టాను, సాఫ్ట్‌వేర్ తీసేసి తిరిగి ఎక్కించాను. ఏం చేసినా పాస్‌వర్డ్ దగ్గరకి వచ్చేసరికి కూలిపోవడమే. ఆవిడ సీపీయూ పెట్టెని కాలితో తన్నారు. నేనూ తన్నాను. కోటేశ్వరమ్మ ముందురోజే వచ్చి మా ఆఫీసు వెనకగదిలో ఉంటోంది. విరిగి అతికిన దవడతో ఆమె మాట ముద్దగా వచ్చేది. గుమ్మంలో నిలబడి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ, "బొమ్మ పోయిందామ్మా?" అంది.

అంతలో తెర మీద ఇంకో పెట్టె వచ్చింది. ఈ డిస్కుని వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని. విసుగులో నా చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది. మణికట్టు మీద దెబ్బ పడింది. ఎంత గట్టిగా అంటే, ఆవిడ గాజు నా చర్మంలోకి దిగింది.

"అది అడిగినదానికల్లా సరేననమాక. నేనొకసారి అన్నాను, చాలదూ?"

తాడేపల్లిలో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తున్న నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆమె అన్నీ విని, తాళం పాడవలేదే, గుమ్మం మారింది అంది. మా దగ్గరున్న పాత సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టమ్ మీద నిలబడలేక కూలిపోతోంది. పోనీ సాఫ్ట్‌వేర్‌లో కొత్తరకం ఎక్కిద్దామంటే, అది ఇంత పాతరకం తాళాన్ని అసలు గుర్తుపట్టదు. డిస్కులో ఉన్నది ఎక్కడికీ పోలేదు. పాత సిస్టమూ, పాత సాఫ్ట్‌వేరూ అలాగే ఉన్న కంప్యూటర్ దొరికితే తెరుచుకుంటుంది. దాన్ని మాత్రం ఇంటర్నెట్‌కి తగిలించొద్దు, అదీ అప్‌గ్రేడ్ అయి కూర్చుంటుంది అని హెచ్చరించింది.

నేనది చెప్పగానే సీనియర్ గారు పెద్దగా నవ్వారు. నాకు భయమేసింది. ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసి, నా చీర అంచు కట్టిన బస్తా ఇవాళే తీయించి పంపించరా అన్నారు. ఆ తమ్ముడు మిర్చి రైతు. మా ఆఫీసు మీద మొదటిసారి దొంగలు పడినప్పుడు ఆవిడ అదే తాళం సాఫ్ట్‌వేర్ ఉన్న తన పాత లాప్‌టాప్‌ని, ఛార్జర్‌తో సహా ప్లాస్టిక్ సంచిలో చుట్టి అతనికి ఇచ్చారట. అతను దాన్ని ఒక మిర్చి బస్తాలో కాయల మధ్య పెట్టి కుట్టేసి, తన సరుకుతో పాటు గుంటూరు దారిలోని కోల్డ్ స్టోరేజీలో పెట్టేశాడు. మన దగ్గర కాయల్ని దాచే చోటు అదే కదా, ఆవిడకి అంతకన్నా భద్రమైన చోటు తోచలేదు. గుర్తు కోసం ఆ బస్తా మూతికి తన పాత చీర అంచు చింపి కట్టించారు.

మధ్యాహ్నం దాటాక ట్రాలీ ఆటోలో బస్తా వచ్చింది. ముట్టుకుంటే మంచులా ఉంది. నేను కత్తెర పట్టుకుని మీదపడ్డాను. ఆవిడ నా జడ పట్టుకుని వెనక్కి లాగారు.

"విప్పమాక. ఏసీ గిడ్డంగిలోంచి తీసిన కాయని వెంటనే విప్పితే చెమట పట్టి నల్లబడుద్ది. కాయకే అట్టా అయితే దానికి కాదూ? లోపల తడి చేరిందంటే స్విచ్ వెయ్యగానే చస్తది. చెమట ఆరనీ."

బస్తాని వరండాలో నీడకి జరిపించారు. గోనె మీద చెమ్మ బొట్లు బొట్లుగా పుట్టుకొచ్చింది. ఆవిడ స్టూలు వేసుకుని దాని పక్కనే కూర్చుని, మధ్యమధ్య అరచేతిని తిప్పి గోనెకి ఆనించి చూసేవారు. అన్నింటికీ అరిచి కొట్టి తన్నే మనిషి, ఆ మధ్యాహ్నం ఒక్క మాట లేకుండా కూర్చున్నారు. నేను అటూ ఇటూ తిరుగుతూ సణిగాను. "కోపం ఉండాలే, తొందర ఉండకూడదు" అన్నారు. ఆవిడ నాకు చెప్పిన మాటల్లో దీన్ని నేను ఎక్కువసార్లు తప్పాను.

ఇంకా ఎండ ఉండగానే వీధిలో జీపు వచ్చి ఆగింది. వెనక బైకులు. ఎదురు షాపువాళ్లు షట్టర్లు దించుకోవడం వినపడింది. సీనియర్ గారు లేచి, ఒళ్లో పెట్టుకున్న డిస్కుని బస్తా మూతి కుట్ల సందులోంచి కాయల్లోకి దోపేశారు. మమ్మల్ని లోపలికి తోసి తానూ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

ముందు వచ్చినవాడు ఏడుకొండలు పెదనాన్న కొడుకు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఇనపరాడ్డు.

"ఆ డిస్కు ఇచ్చెయ్ లాయరమ్మా. మేం పోతాం."

"రేపు కోర్టులో ఇస్తా. వచ్చి తీసుకో."

మొదటి దెబ్బ కిటికీ అద్దానికి, రెండోది చట్టం పుస్తకాల బీరువాకి. నన్నొకడు గోడకేసి కొట్టాడు, చెవిలో గుయ్యిమంది. కోటేశ్వరమ్మని జుట్టు పట్టి ఈడ్చాడు ఇంకొకడు. ఆమె అరవలేదు, వాడి ముంజేతిని కొరికి పట్టుకుంది. ఆ దవడతో ఎలా కొరికిందో నాకిప్పటికీ అర్థం కాదు. అప్పుడు సీనియర్ గారు చేసిన పని చూసి నేను నివ్వెరపోయాను. కుర్చీలోంచి కిందికి జారి, సీపీయూ పెట్టెని రెండు చేతులతో కావలించుకుని, "దీన్ని వదలను, దీన్ని మాత్రం వదలను" అని గుండెలు పగిలేలా అరవడం మొదలుపెట్టారు.

వాళ్లకి అది చాలింది, డిస్కు అందులోనే ఉందనుకున్నారు. ఆ పెట్టె కోసం ఆవిడ చేతుల మీద రాడ్డుతో కొట్టారు. వేళ్లు విరిగిన చప్పుడు నేను విన్నాను, ఎండిన మిరపకంప తొక్కినట్టు. అయినా వదల్లేదు. ఎంతసేపటికీ వదల్లేదు. ఆఖరికి తల మీద దెబ్బ పడ్డాక చేతులు వాటంతటవే జారాయి. వాళ్లు ఆ పెట్టెని వీధిలోకి విసిరి, సుత్తితో చితక్కొట్టి, ముక్కలు జీపులో వేసుకున్నారు. కాపలాగా ఉన్నవాడు ఇంతసేపూ వరండాలో మా బస్తా మీద కూర్చుని బీడీ కాల్చాడు. పోతూ పోతూ దాన్నొక తన్ను తన్ని, ఘాటుకి తుమ్ముకుంటూ బైకెక్కాడు.

నేను ఫోన్ కోసం వెతుకుతుంటే, నేల మీదినుంచే ఆవిడ, "అమ్మాయ్, బస్తా ఉందా?" అన్నారు.

అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు. ఎందుకూ పనికిరాని పెట్టె కోసం తన వేళ్లు ఇచ్చేశారని.

ఆసుపత్రికి రమ్మంటే రానన్నారు. వరండాలోకి నడిపించమన్నారు. చేతులు పైకి లేవడం లేదు. మోకాళ్ల మీద కూర్చుని, వంగి, చెంపని గోనెకి ఆనించారు. నుదుటి నెత్తురు గోనెకి అంటుకుంది. కాసేపు అలాగే ఉండి, "ఆరింది. విప్పు" అన్నారు.

కాయల మధ్యలోంచి డిస్కు, లాప్‌టాప్ తీశాను. సంచి పొడిగానే ఉంది. ఛార్జర్ తగిలించి, నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కి, మీట నొక్కాను. లోపల ఫ్యాను తిరిగింది. ఎన్నాళ్లుగా పట్టిందో, ఆ ప్లాస్టిక్ సంచి ఆపలేకపోయిన మిర్చి దుమ్మంతా మా మొహాల మీదికి కొట్టింది. ముగ్గురం తుమ్మాం, దగ్గాం, కళ్లు మండి నీళ్లు కారాయి. పాత తెర వెలిగింది. డిస్కు పెట్టాను. పాస్‌వర్డ్ అడిగింది.

నేను అలవాటుగా అటు తిరిగాను. వెనకనుంచి చప్పుడు రాలేదు. తిరిగి చూస్తే ఆవిడ తన చేతుల వంక చూసుకుంటున్నారు. వేళ్లు ఉబ్బి, వంకర తిరిగి ఉన్నాయి.

"ఇట్రా" అన్నారు. వంగాను. నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పారు. నెత్తురు వాసన, పచ్చిమిరపకాయ వాసన. ఆ మాట ఏమిటో ఇక్కడ రాయను. ఇన్నాళ్లూ నన్ను నమ్మలేదన్న కోపం ఆ క్షణాన ఎక్కడికి పోయిందో తెలియదు. ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. కూలిపోలేదు. తెరుచుకుంది.

కోటేశ్వరమ్మని లోపలికి వెళ్లమన్నాను. వెళ్లలేదు. నిలబడి మొత్తం చూసింది. గొడ్డలి లేవడం, ఏడుకొండలు అడ్డంగా చెయ్యి పెట్టడం, ఆ చెయ్యి లేకపోవడం. అంతా ఎర్రటి కాయలే కాబట్టి నెత్తురు కనపడలేదు, తడి మాత్రం కనపడింది. నరికినవాడి మొహం, ఆ ఇస్త్రీ చొక్కా, బాగా కనపడ్డాయి. "మా ఆయన అరుపు చెడిపోకుండా ఉంది" అందామె. అప్పుడు సీనియర్ గారు మొదటిసారి ఏడవడం చూశాను. ఘాటుకి కాదు, ఏడుపే.

మర్నాడు రెండు చేతులకీ పిండికట్టుతో ఆవిడ కోర్టుకి వచ్చారు. కోర్టు హాల్లో లాప్‌టాప్ ఫ్యాను తిరగ్గానే బెంచి క్లర్కు తుమ్మాడు, జడ్జిగారు దగ్గి రుమాలు తీసుకున్నారు. డిస్కు చచ్చిందని ధీమాగా వచ్చిన పెదనాన్న కొడుకు తెర మీద తన మొహం చూసుకుని గోడ పట్టుకున్నాడు. విచారణ ముగిశాక వాడికీ, గొడ్డళ్లు పట్టినవాళ్లకీ జీవితఖైదు పడింది. బీడీ కాల్చినవాడు మాత్రం తప్పించుకుని ఇప్పటికీ వినుకొండ బస్టాండులో కనిపిస్తుంటాడు. కోటేశ్వరమ్మ ఆ పొలంలోనే మళ్లీ మిర్చి వేసింది.

ఆవిడ వేళ్లు మళ్లీ సరిగా అతకలేదు. సంతకం వంకరగా పెట్టేవారు, బల్ల మీద గుద్దాలంటే మోచేతితో గుద్దేవారు. పాస్‌వర్డ్ మార్చమని నేను చాలాసార్లు చెప్పాను. ఒకరోజు విసుక్కుని, "నీకు తెలిశాక మారిస్తే నిన్ను నమ్మనట్టు కాదుటే, మొద్దూ" అన్నారు. ఇక అడగలేదు. లాప్‌టాప్ మాత్రం పని అయిపోగానే మళ్లీ తమ్ముడి దగ్గరున్న అదే బస్తాలోకి, కోల్డ్ స్టోరేజీలోకి వెళ్లిపోయేది.

దినకర్మ అయిన మర్నాడు ఆవిడ తమ్ముడు ట్రాలీ ఆటోలో బస్తా తెచ్చి నా వరండాలో దించాడు. మూతికి అదే చీర అంచు. గోనె మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయాడు. కనిగిరి వైపునుంచి వచ్చిన ఒక అమ్మాయి కేసు రేపు వాయిదాకి ఉంది. ఆమె మొహం మీద కత్తిగాట్లు ఇంకా మానలేదు. ఆమె తెచ్చిన వీడియో డిస్కులో ఉంది. దాని తాళం తీసే మాట ఇప్పుడు నా ఒక్కదానికే తెలుసు.

ఆ అమ్మాయి నా పక్కనే మెట్టు మీద కూర్చుంది. ఇంకా ఎందుకు విప్పలేదండీ, వాళ్లొస్తే ఎలాగండీ అని అడుగుతోంది. నాకు లోపల మండుతూనే ఉంది, కత్తెర కూడా చేతిలోనే ఉంది. వంగి, ఆ పాత నెత్తుటి మరక పక్కనే గోనెకి చెంప ఆనించాను. ఇంకా తడిగానే ఉంది.